మా వేషం ఎవరు వేస్తారు?

పనివాళ్ళకు యజమాని తన చేత్తో టీ పోసి ఇస్తుంటే చూసేవాళ్ళకు ముచ్చటగానే ఉంటుంది. ఆ ఉదయం మూతపడిన ఒక లాండ్రీలో అలాంటి ముచ్చటే జరుగుతోంది. అటుగా పోయేవాళ్ళెవరైనా తలుపు సందులోంచి తొంగి చూసి ఉంటే, "మనుషులంటే వీళ్ళు! వ్యాపారం మునిగినా మమకారం మునగలేదు" అనుకుంటూ వెళ్ళిపోయేవారు. అలా అనుకుని వెళ్ళిపోయేవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. ఈ కథ వాళ్ళు కాస్త ఆగి వినాలనే.

"తీసుకో అక్కా. నీకని పంచదార ఎక్కువేశాను" అంటూ యజమాని గ్లాసు అందించాడు.

అక్క అంటే తోడబుట్టిన అక్క కాదు. హోటళ్ళ దుప్పట్లూ, ఆసుపత్రి తలగడ గలీబులూ ఇస్త్రీ చేసే మనిషి. లాండ్రీ తెరిచిన నాటి నుంచీ వేడి రోలరు ముందు నిలబడి, మణికట్టు నుంచి మోచేతి దాకా కాలిన మచ్చలు సంపాదించుకుంది. యజమాని ఆమెను పెద్దక్కా అన్నాడు కాబట్టి అందరికీ పెద్దక్కే అయింది. బట్టలుతికే ముసలాయన మామ. మూటలు చేరవేసే డ్రైవరు అల్లుడు. "పిల్లనివ్వకుండానే అల్లుణ్ణి చేసుకున్న మొనగాడు మా బాబు ఒక్కడే" అని ఆ డ్రైవరు ఎప్పుడూ నవ్విస్తుండేవాడు. యజమాని భార్య అందరికీ వదిన. వరసలకు ఏ లోటూ లేని లాండ్రీ అది. లోటల్లా జీతాలకే వచ్చింది.

వాళ్ళు చివరిసారి జీతం కళ్ళజూసింది ఎండాకాలం మొదట్లో. ఇప్పుడు వానలు కూడా వెనకపట్టాయి. అడిగినప్పుడల్లా యజమాని చేతులు పట్టుకునేవాడు. "మనలో మనకి లెక్కలేంటి? మిమ్మల్ని కడుపులో పెట్టుకుని చూసుకోనా?" అనేవాడు. మధ్యలో వేరే లాండ్రీవాళ్ళు పెద్దక్కను పనికి రమ్మన్నారు. ఆ సంగతి తెలిసి యజమాని ఆమె ఇంటికొచ్చి, గడప మీద చతికిలబడి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "నువ్వు పోతే నా కుడిభుజం పోయినట్టే అక్కా" అన్నాడు. మగవాడు, పైగా పెద్ద యజమాని, తన గడప మీద కూర్చుని ఏడిస్తే ఆమె మనసు కరిగిపోయింది. పోలేదు. పోనందుకు ముందు చెవుల కమ్మలు తాకట్టుకెళ్ళాయి. తర్వాత వీధి చివర వడ్డీవాడి దగ్గర రోజువారీ అప్పు మొదలైంది. వాడు ప్రతి సాయంత్రం గుమ్మం ముందు నిలబడి, నాలుగిళ్ళకు వినబడేలా పిలిచి మరీ వసూలు చేసుకునేవాడు.

"రేపు పొద్దున్నే అందరూ లాండ్రీకి రండి. చాలా ముఖ్యమైన పని" అని యజమాని నుంచి కబురు రాగానే, ముగ్గురికీ ఒకటే ఆలోచన వచ్చింది. ఇంకేం ముఖ్యమైన పని ఉంటుంది? మామ గడ్డం గీయించుకున్నాడు. అల్లుడు ఉతికిన చొక్కా వేసుకున్నాడు. పెద్దక్క దారిలో సరుకుల కొట్టు దగ్గర ఆగి, "సాయంత్రం నీ బాకీ తీర్చేస్తానయ్యా" అని మాట కూడా ఇచ్చేసింది.

టీలు సగమయ్యాయి. యజమాని గొంతు సవరించుకున్నాడు.

"నేను ఐపీ పెట్టిన సంగతి మీకు తెలిసిందే కదా. ఎల్లుండి అప్పులవాళ్ళ మీటింగు. దివాలా అధికారి నన్ను ముందు కూర్చోబెట్టి, ప్రమాణం చేయించి, ఆస్తులేంటి అప్పులేంటి అని అడుగుతాడట. అప్పులవాళ్ళు కూడా అక్కడే కూర్చుని తలా ఒక ప్రశ్న వేస్తారట. నాకేమో నలుగురి ముందు నోరు పెగలదు. ఎవరి ముందైనా ఒకసారి చెప్పుకుని చూసుకో అంది మా లాయరమ్మ. బయటివాళ్ళని పిలిస్తే పరువు పోతుంది. మనవాళ్ళు మీరుండగా నాకేం?"

"అంటే..." అల్లుడు అయోమయంగా చూశాడు. "జీతాలకి కాదా బాబూ పిలిచింది?"

"అయ్యో అల్లుడూ, అదెక్కడికి పోతుంది! ముందు ఈ గండం గట్టెక్కనీ."

పెద్దక్క గ్లాసు కింద పెట్టేసింది. ఎక్కువేసిన పంచదార గొంతులో చేదుగా తగిలింది. అయినా లేచి వెళ్ళిపోలేదు. ఇన్నేళ్ళ అలవాటు మనిషిని కూర్చోబెడుతుంది.

వదిన చకచకా కుర్చీలు సర్దింది. దుప్పట్లు మడతపెట్టే పొడవాటి బల్ల అధికారి బల్ల అయింది. అధికారి వేషం వదిన తనే తీసుకుంది. ఇంట్లో ఆవిడకది అలవాటైన వేషమే. మామకు సబ్బుపొడి వ్యాపారి వేషం ఇచ్చారు. అల్లుడికి ఫైనాన్స్ కంపెనీ ఇచ్చారు. పెద్దక్కను బ్యాంకు చేశారు. ఇంకా మిషన్ల కంపెనీ, షెడ్డు యజమాని మిగిలితే, మనుషులు చాలక ఆ రెండూ కూడా అల్లుడికే అంటగట్టారు. వెనక గదిలో ఉతికే మిషన్లు అసలు అధికారి ముందే అంటించిన జప్తు చీటీలతో మూగగా నిలబడి ఉన్నాయి.

"మొహమాటపడకండి. గట్టిగా అడగాలి. నిజంగా మీ డబ్బే పోయినట్టు అడగాలి" అని వదిన హెచ్చరించింది.

ఆ మాట అంటున్నప్పుడు ఆవిడకు నాలుక తడబడలేదు. ఆవిడ చెడ్డ మనిషి కూడా కాదు. అదే ఇంకా ఘోరం.

ముందు మామ వంతు. ఆయన నోట్లో నాలుక లేని మనిషి. బ్లీచింగు నీళ్ళకు పగిలిన చేతులు ఒళ్ళో పెట్టుకుని, "బాబూ... సబ్బుపొడి డబ్బులు... వీలుంటే... లేకపోతే పర్లేదు లెండి" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు.

అల్లుడు మాత్రం వేషంలో జీవించాడు. ఫైనాన్స్ వాళ్ళు ఎలా అడుగుతారో వాడికి ఒకరు నేర్పాలా? ఆ నెలలోనే వాడి సొంత బండి ఎత్తుకుపోయారు. వాడు కాలు మీద కాలు వేసుకుని, "ఏమయ్యా! తీసుకున్నప్పుడు లేని సిగ్గు కట్టేటప్పుడు వచ్చిందా? నీ పెళ్ళాం మెళ్ళో గొలుసు కనబడుతోందే!" అన్నాడు. వదిన గభాలున పమిట సర్దుకుంది. యజమానికి చెమటలు పట్టాయి, మాట తడబడింది. మళ్ళీ అడిగించుకున్నాడు, మళ్ళీ చెప్పాడు. మూడోసారికి నోరు తిరిగింది.

"అయ్యా, నేనెవరినీ మోసం చెయ్యలేదు. మిషన్లు, వ్యాను, అన్నీ అధికారి చేతిలో పెట్టాను. అవి అమ్మగా వచ్చింది నేను బాకీ ఉన్న ప్రతి ఒక్కరికీ న్యాయంగా పంచుతారు. నేను దాచిపెట్టిందంటూ ఏమీ లేదు. కావాలంటే నా పిల్లల మీద ఒట్టు."

చెప్పడం ఎంత బాగా కుదిరిందంటే వదినకు కళ్ళు చెమర్చాయి. "అచ్చం ఇలాగే చెప్పండి. ఎవరికైనా జాలేస్తుంది" అంది.

"ఇప్పుడు బ్యాంకు. అడుగు పెద్దక్కా" అని ఆవిడే పురమాయించింది.

వదిన నేర్పిన ప్రశ్నే పెద్దక్క అడిగింది. యజమాని నేర్చుకున్న జవాబు చెప్పాడు. ప్రతి ఒక్కరికీ న్యాయంగా అన్నాడు.

"ఇంకోటి అడుగు" అంది వదిన.

పెద్దక్క కుర్చీల వరస చూసింది. బ్యాంకు ఉంది. సబ్బుపొడి ఉంది. ఫైనాన్స్, మిషన్లు, షెడ్డు అద్దె అన్నీ అల్లుడి ఒంటి మీదే ఉన్నాయి. ఎవరో తప్పిపోయారనిపించింది. మళ్ళీ మొదటి నుంచి చూసుకుంది. ఆ తప్పిపోయినవాళ్ళు ఎవరో తెలిసేసరికి ఆమె ఒళ్ళు భగ్గుమంది.

"వేషాలన్నీ అయిపోయాయా వదినా?"

"అయిపోయాయి. అప్పులవాళ్ళు అంతే."

"మరి మా వేషం ఎవరు వేస్తారు?"

వదినకు అర్థం కాలేదు. "మీ వేషమేంటి?"

"ఎండాకాలం నుంచి జీతం రాని ఇస్త్రీదాని వేషం. చేతులు పగిలిన ముసలాడి వేషం. ఈ అల్లుడి వేషం. మేమెక్కడున్నాం మీ అప్పులవాళ్ళ జాబితాలో?"

యజమాని బలవంతంగా నవ్వాడు. "భలేదానివే అక్కా! మీరు అప్పులవాళ్ళేంటి? అప్పులంటే బయటివాళ్ళవి. మీరు మనవాళ్ళు. వాళ్ళయితే ఆగరు, కోర్టులకెక్కుతారు. మీరు ఆగుతారని నా ధైర్యం."

చూశారా? ఆయన దొంగలెక్క రాయలేదు. వాళ్ళ పేర్లు రాసి కొట్టెయ్యలేదు. అసలు అప్పులవాళ్ళ లెక్కలో ఆయనకు వాళ్ళు గుర్తే రాలేదు. బ్యాంకు నోటీసు పంపింది కాబట్టి గుర్తుంది. ఫైనాన్స్ వాడు గుమ్మం ముందు అరిచాడు కాబట్టి గుర్తున్నాడు. పొద్దున్నే వచ్చి, చెప్పిన పని చేసి, తల వంచుకుని వెళ్ళినవాళ్ళు మాత్రం లెక్కలోకి రాలేదు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని పెద్దలు ఊరికే అనలేదు.

"ఆగాను బాబూ" అంది పెద్దక్క. "మీరు ఆగమన్నారని ఆగాను. ఆగినన్నాళ్ళూ నా పొయ్యి ఆగలేదు. చెవుల కమ్మలు పోయాయి. వడ్డీవాడు రోజూ నా గుమ్మంలో నా పరువు తీసి పోతున్నాడు. మీరు ఇవ్వాల్సిన దానికి నేను వడ్డీ కడుతున్నాను. మీకు ఐపీ ఉంది, లాయరమ్మ ఉంది, మీ మొర వినే అధికారి ఉన్నాడు. నేనెక్కడ పెట్టాలి ఐపీ? ఆ వీధి చివర వడ్డీవాడి ముందా?"

వదినకు కోపమొచ్చింది. "ఎంత మాటన్నావ్! నీ కొడుక్కి జ్వరమొస్తే మా బండిలో ఆసుపత్రికి తీసుకెళ్ళింది ఎవరు? మా పిల్లల బట్టలు మీ పిల్లలకి ఇవ్వలేదా? ఇంటి మనుషుల్లా చూస్తే ఇదా ఫలితం?"

"తీసుకెళ్ళారు వదినా. మర్చిపోలేదు. ఆ రోజు మీరు చేసింది సాయం. నేను రోజూ చేసింది పని. ఒకసారి బండెక్కించినందుకు ఇన్ని నెలల కూలి చెల్లిపోయిందా? చెల్లితే అదయినా చెప్పండి, ఇంకెప్పుడూ ఎవరి బండీ ఎక్కను."

"ఊరుకో పెద్దక్కా" అని మామ సన్నగా అన్నాడు. "బాబు ఉప్పు తిన్నాం. కష్టంలో ఉన్నాడు."

ఆమె గిర్రున తిరిగింది. "ఎవరి ఉప్పు ఎవరు తిన్నారు మామా? నీ చేతులు చూసుకో! ఆ చేతులతో ఉతికిన దుప్పట్లకి హోటలువాడు డబ్బు కట్టాడు. ఆ డబ్బుతో వీళ్ళ పొయ్యి వెలిగింది. ఉప్పు తిన్నది వీళ్ళు. పెట్టింది నువ్వు."

మామ నిజంగానే తన చేతులు చూసుకున్నాడు. పాపం, ఆయనకు అలా చూసుకునే అలవాటు లేదు.

సరిగ్గా అప్పుడే లాయరమ్మ లోపలికొచ్చింది. యజమాని ఎంతవరకు సిద్ధమయ్యాడో చూద్దామని వచ్చిన మనిషి, కుర్చీలనూ ఎర్రబడ్డ ముఖాలనూ చూసి గుమ్మంలోనే ఆగింది.

"వీళ్ళెవరు?"

"మా పనివాళ్ళే మేడం. అంటే, మా ఇంటి మనుషులు" అన్నాడు యజమాని.

"జీతాలు ఇచ్చేశారా?"

యజమాని గబగబా ఒక కుర్చీ లాగి ఆమె ముందు వేశాడు. లాయరమ్మ చేతిసంచీ బల్ల మీద పెట్టింది. అంతవరకు మామూలుగా ఉన్న గొంతు గట్టిపడింది.

"నా ఆఫీసులో మిమ్మల్ని ఎన్నిసార్లు అడిగాను, ఇంకెవరికైనా ఇవ్వాలా అని? లేదన్నారు. ఒట్టేసి మరీ లేదన్నారు!"

"జీతం అప్పెలా అవుతుంది మేడం? మేం మేం చూసుకుంటాం. మీటింగు అయ్యాక నా చేత్తో నేనే ఇచ్చుకుంటాను."

"ఏ చేత్తో? మీ మిషన్లు, మీ వ్యాను అన్నీ అధికారి చేతిలో ఉన్నాయి. మీటింగు అయ్యాక మీ చేతిలో ఏముంటుందని ఇస్తారు? వీళ్ళకి అరచేతిలో వైకుంఠం చూపిస్తున్నారు. ఎల్లుండి ప్రమాణం చేసి 'ఇంతే' అంటే అది అబద్ధం. ఉన్నది కాస్తా మిగతావాళ్ళు పంచుకున్నాక, వీళ్ళు కాళ్ళరిగేలా తిరగాలి. పనివాళ్ళ జీతాలని చట్టం మామూలు అప్పులకన్నా ముందు వరసలో పెడుతుంది. మీరు అసలు వరసలోనే పెట్టలేదు!"

వదిన ఏడుపు గొంతుతో అంది: "పనివాళ్ళకి కూడా బాకీ పడ్డామని కాగితం మీద రాసుకోవాలా అమ్మా? బ్యాంకుకి అంటే అందరూ బాకీ ఉంటారు. ఇస్త్రీ మనిషికి అంటే, నలుగురిలో తలెత్తుకోవడమెలా?"

"బాకీ పడ్డప్పుడు తలెత్తుకునే తిరిగారుగా. రాసుకోవడానికేనా సిగ్గు?" అంది లాయరమ్మ. తర్వాత పెద్దక్క వైపు తిరిగింది. "చూడండమ్మా. నేను ఆయన లాయర్ని, మీ లాయర్ని కాను. ఆ మాట ముందే చెప్పాలి. కానీ తప్పుడు జాబితా తీసుకుని నేను ఆ గదిలోకి వెళ్ళను. మీ పేర్లు ఈ రోజే చేర్పిస్తాను. మీరు మాత్రం ఇంట్లో కూర్చోకండి. ఎల్లుండి మీరే వచ్చి మీ నోటితో అడగండి. అడగనిదే అమ్మైనా పెట్టదు."

యజమాని తల పట్టుకుని కూర్చున్నాడు. "నువ్వు కూడానా అక్కా" అన్నాడు చివరికి. అంత దెబ్బ ఆయనకు బ్యాంకు నోటీసు వచ్చినప్పుడు కూడా తగిలినట్టు లేదు. ఆ ఒక్క మాటకు పెద్దక్కకు తన గడప మీద కూర్చుని ఏడ్చిన మనిషి గుర్తొచ్చాడు. ఆ వెంటనే, ఆ ఏడుపుతోనే ఆయన తనను పనిలో ఉంచుకున్నాడన్న సంగతీ తెలిసొచ్చింది. ఆమె లాయరమ్మ వైపు తిరిగి తన పేరు చెప్పింది. అల్లుడు చెప్పాడు. మామ చాలాసేపు ఊగిసలాడి, యజమాని ముఖం చూడకుండా, గోడ వైపు తిరిగి చెప్పాడు.

ఎల్లుండి వచ్చింది. మీటింగు గది బయట వసారాలో జనం బారులు తీరి ఉన్నారు. ఇస్త్రీ చొక్కాల బ్యాంకువాళ్ళు, ఫోనులో విసుక్కుంటున్న ఫైనాన్స్ వాళ్ళు, సబ్బుపొడి వ్యాపారి అందరూ వచ్చారు. గుమాస్తా ఒకడు తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ లోపలికి పంపుతున్నాడు. పెద్దక్క, అల్లుడు, మామ దగ్గరికి రాగానే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆయన తరఫువాళ్ళా? కుటుంబ సభ్యులు బయట బెంచీ మీద కూర్చోండి. లోపలికి అప్పులవాళ్ళకే."

మామ అలవాటుగా బెంచీ వైపు నడవబోయాడు. పెద్దక్క ఆయన రెక్క పట్టుకుని ఆపింది.

"మేం కుటుంబం కాదయ్యా. అప్పులవాళ్ళమే."

గుమాస్తా ఆమె చీరనూ చేతులనూ ఎగాదిగా చూశాడు. "ఆయనకి మీరు అప్పిచ్చారా?" అని నవ్వబోయాడు. జాబితాలో పేర్లు చూసుకుని, నవ్వు ఆపేసి దారిచ్చాడు.

లోపల యజమాని ప్రమాణం చేశాడు. అధికారి ఒక్కొక్కరినీ అడిగాడు. బ్యాంకు అడిగింది, ఫైనాన్స్ అడిగింది. యజమాని నేర్చుకున్న మాటలన్నీ మర్చిపోయాడు. తడబడుతూ, చెమటలు కక్కుతూ, ఉన్నదున్నట్టే చెప్పాడు. పెద్దక్క వంతు వచ్చేసరికి గదిలో కొందరు ఫైళ్ళు సర్దుకుని లేవబోతున్నారు. ఇస్త్రీ మనిషి అడిగేది వినడానికి వాళ్ళకేం పని?

"మీరు ఆయనకి ఇచ్చిన అప్పు ఏ రకందమ్మా?" అని అధికారి అడిగాడు.

ఆమె లేచి నిలబడింది. గొంతు తగ్గించలేదు.

"రెక్కల కష్టం అయ్యగారూ. తాకట్టు అడగలేదు, సంతకం అడగలేదు, వడ్డీ వెయ్యలేదు. అక్కా అని నోరారా పిలిస్తే నమ్మి ఇచ్చాను. ఆయన్ని జైల్లో పెట్టమని నేననను. ఆయన కష్టం నాకూ తెలుసు. కానీ ఇక్కడున్న అందరికీ నోటీసులున్నాయి, లాయర్లున్నారు. మాకు ఉన్నది అక్కా, మామా అనే వరస ఒక్కటే. ఆ వరసతోనే మా నోరు మూయించారు. మా ముగ్గురికి రావాల్సింది ముందు తీసి మిగతాది పంచండి."

లేవబోయినవాళ్ళు మళ్ళీ కూర్చున్నారు. యజమాని తల దించుకునే, "ఆవిడ చెప్పింది నిజం" అన్నాడు. ఆ గదిలో ఆయన ఎవరూ అడగకుండా చెప్పిన మాట అదొక్కటే. అధికారి రాసుకున్నాడు.

వసారాలోకి వచ్చాక యజమాని ఆమె ఎదుట నిలబడ్డాడు. ఏం పిలవాలో తెలియక పెదవులు కదిపి ఆగిపోయాడు. ఆ ఆగిపోవడం చూసి పెద్దక్కే అంది:

"పిలవండి బాబూ, అక్కా అనే పిలవండి. నేనేం వద్దనను. కానీ ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి. చేయించుకున్న పనికి కూలి ఇచ్చాక పిలిస్తే అది ప్రేమ. ఇవ్వకుండా పిలిస్తే, ఎంత తియ్యగా పిలిచినా, అది దోపిడీయే."